మెదడు పలికినదా, కండరము కదలినదా?

1985వ సంవత్సరమున ఇంగ్లండులోని షెఫీల్డు నగరమున ఆంథొనీ బార్కరు అను శాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును ఒక మనిషి తలమీద, నడినెత్తికి కొంచెము ప్రక్కగా, ఒక రాగితీగచుట్టను పట్టుకొని దానిగుండా విద్యుత్ప్రవాహమును ఒక్క దెబ్బగా పంపిరి. ఆ మనిషి చేయి అతని ప్రమేయము లేకుండ అదరెను. చర్మమును కోయలేదు, సూది గ్రుచ్చలేదు, నొప్పియు దాదాపు లేదు. పుఱ్ఱె ఎముక విద్యుత్తును అడ్డగించును గాని అయస్కాంత క్షేత్రమును అడ్డగింపజాలదు.

ఇందులోని సూత్రము పాఠశాలలో చెప్పునదే. మారుచున్న అయస్కాంత క్షేత్రము తన దాపుననున్న వాహకములో విద్యుత్తును పుట్టించునని 1831లో ఫారడే కనుగొనెను. మెదడు లవణ ద్రవములతో తడిసియున్న వాహకము. చుట్టలో వేలకొలది ఆంపియర్ల ప్రవాహము సెకనులో కొన్ని పదివేలవ వంతుల కాలములో పుట్టి అణగిపోవును. ఆ కొద్ది కాలములో చుట్ట దాపున ఒకటి రెండు టెస్లాల క్షేత్రము ఏర్పడును. ఇది మన దిక్సూచిని త్రిప్పు భూక్షేత్రమునకు కొన్ని పదివేల రెట్లు. ఫ్రాన్సులో దార్సోన్వాలు 1896లోనే తలను పెద్ద తీగచుట్టలోనికి దూర్చి, కన్నులయెదుట మెరుపులు కనబడుచున్నవని ప్రకటించెను. కాని ఆ మెరుపులు రెటీనాలో పుట్టినవని తరువాతివారు తలచిరి. మెదడే బదులు పలికినదని నిస్సంశయముగా చూపిన ఘనత షెఫీల్డు వారిదే.

చేయి అదరుట మంచి సాక్ష్యమే. అయితే ఈ సాక్ష్యము మెదడులో ఒక్క భాగమునకే చెల్లును. కండరములను నడపు ప్రాంతముపై చుట్టను ఉంచినచో వ్రేలు కదలును. ముందునుదుటి వెనుకనున్న ప్రాంతముపై ఉంచినచో ఏ వ్రేలును కదలదు. ఆ ప్రాంతము బదులిచ్చినదా, లేదా? ఇచ్చినచో ఆ అల ఎటు పోయినది? ఇది తెలియుటకు మెదడు విద్యుత్తును తలపైనుండి నేరుగా వినవలెను.

వినుట కొత్త విద్య కాదు. జర్మనీలోని యేనా నగరమున హాన్సు బెర్గరు అను వైద్యుడు 1924లోనే మనుష్యుని తలపై ఎలక్ట్రోడులుంచి మెదడు అలలను నమోదు చేసెను. చేసి, అయిదేండ్లు నోరు మెదపలేదు. తాను చూచుచున్నది మెదడు అలయా, నాడి కొట్టుకొనుటయా, చర్మపు విద్యుత్తా, తల కదలికయా అను సంశయము ఆయనను వదలలేదు. ఒక్కొక్క సంశయమును పరీక్షించి త్రోసివేసిన పిమ్మటనే 1929లో ప్రకటించెను. అప్పటికిని చాలమంది నమ్మలేదు. 1934లో కేంబ్రిడ్జిలో ఏడ్రియను, మాథ్యూసు అనువారు అదే ప్రయోగమును చేసి చూపినగాని లోకము అంగీకరింపలేదు. మెదడు లేఖనము పుట్టుకతోనే ఈ అనుమానమును వెంటబెట్టుకొని వచ్చినది.

బెర్గరు ఎదుర్కొన్న కల్తీ మన కథలోని కల్తీ ముందు లెక్కలోనిది కాదు. టార్చిలైటు బ్యాటరీ ఘటము ఒకటిన్నర వోల్టు. తలపై కనబడు మెదడు అల సుమారు 50 మైక్రోవోల్టులు, అనగా ఆ ఘటములో ముప్పదివేలవ వంతు. అయస్కాంతపు దెబ్బకు మెదడు ఇచ్చు బదులు ఇంకను చిన్నది. అనేక దెబ్బల లేఖనములను సరాసరి చేసినచో అయిదో పదో మైక్రోవోల్టులుగా తేలును. కాని ఆ దెబ్బ మెదడుతోబాటు ఎలక్ట్రోడు తీగలలో గూడ ఫారడే సూత్రము ప్రకారమే విద్యుత్తును పుట్టించును. ఫారడేకు మెదడని, తీగయని పక్షపాతము లేదు గదా! ఆ విద్యుత్తు బదులు కంటె వేలు లక్షల రెట్లు పెద్దది. దానికి మామూలు ఆంప్లిఫయరు కొన్ని వందల మిల్లీసెకన్లు మూర్ఛపోవును. అది తేరుకొనునప్పటికి మెదడు చెప్పవలసినది చెప్పి ఊరకుండును.

మూర్ఛపోని యంత్రము దొరికినను చిక్కు తీరదు. ఎలక్ట్రోడునకును చర్మమునకును నడుమ పూసిన లేపనములో విద్యుదావేశము నిలిచిపోయి, కదిలించిన కడవలోని నీరు క్రమముగా నిలకడకు వచ్చినట్లు, పదుల మిల్లీసెకన్లపాటు మెల్లగా తగ్గుచుండును. చుట్ట కణతకు దగ్గరగా ఉన్నచో నమలు కండరము అదరును. ఆ అదరు మెదడు బదులుకంటె వందరెట్లకు మించి యుండవచ్చును. కనురెప్పలు కొట్టుకొనును. వీటన్నిటికంటె కొంటెది మరియొకటి గలదు. తీగచుట్ట ప్రతి దెబ్బకు టిక్కుమని గట్టిగా మ్రోగును. చెవి ఆ శబ్దమును వినును. సుమారు నూరు మిల్లీసెకన్లకు మెదడులో దాని అల లేచును. దీనిని కల్తీ యనుటకే నోరాడదు. ఇది నిజముగా మెదడు పలుకే. కాని మనము అడిగిన ప్రశ్నకు జవాబు కాదు.

మొదటి పోరాటము యంత్రశాలలో జరిగినది. 1989లో అమెరికాలో క్రాకో అనునాయనయు సహచరులును, మెదడు ఒక అర్ధభాగముపై దెబ్బకొట్టి రెండవ అర్ధభాగమునుండి బదులును నమోదు చేయగలిగిరి. 1997లో ఫిన్లాండు దేశపు హెల్సింకిలో రిస్టో ఇల్మొనీమి బృందము తల అంతట ఎలక్ట్రోడులుంచి, ఒకచోట కొట్టిన దెబ్బ మిగిలిన ప్రాంతములకు ఏ దారిన ప్రాకినదో చూపెను. వారు యుక్తిగా ఒక ఏర్పాటు చేసికొనిరి. దెబ్బకు కొంచెము ముందు ఆంప్లిఫయరు ద్వారము మూసికొనును. దెబ్బ గడచిన కొన్ని మిల్లీసెకన్లకు తెరచుకొనును. తుపాను వచ్చునప్పుడు కిటికీ మూయుట వంటిదే. తరువాతివారు కిటికీ మూయ నక్కరలేని ఆంప్లిఫయరులను, చిన్న ఎలక్ట్రోడులను చేసిరి. చర్మపు పైపొరను గీకి నిలువ ఆవేశమును తగ్గించిరి. తీగలను చుట్టకు అడ్డముగా పరచి వాటిలో పుట్టు విద్యుత్తును తగ్గించిరి. చెవిలో హోరు వినిపించి టిక్కు శబ్దమును కప్పిరి. యంత్రముల విషయమింతటితో చాలు. కండరము అదరుటను మాత్రము ఏ యంత్రమును ఆపలేదు.

ఇంత శ్రమ దేనికని పాఠకులు అడుగవచ్చును. 2005లో మాసిమిని అను ఇటలీ శాస్త్రజ్ఞుడును, సహచరులును, మెలకువలోనున్న మనిషి మెదడులో దెబ్బకు లేచిన అల ఒక ప్రాంతమునుండి మరియొక ప్రాంతమునకు ప్రాకునని, గాఢనిద్రలో అది పుట్టినచోటనే అణగిపోవునని చూపిరి. 2013లో ఆ బృందమే ఆ అల యొక్క చిక్కదనమును సున్నకును ఒకటికిని నడుమ ఒక సంఖ్యగా లెక్కించు విధానమును ప్రకటించి, తల గాయముచే స్పృహ కోల్పోయిన రోగులకు దానిని వర్తింపజేసిరి. కన్ను తెరచియుండి, పిలిచిన పలుకని రోగి లోపల మేలుకొని యున్నాడా? వైద్యుడు చూచునది ఆ సంఖ్యను. ఆ సంఖ్య వచ్చునది శుభ్రము చేసిన లేఖనమునుండి. కండరపు అదరును మెదడు పలుకుగా లెక్కించినను, మెదడు పలుకును కల్తీగా భావించి పారవేసినను, పడక ప్రక్కన నిలిచిన తల్లికి చెప్పు మాట మారిపోవును.

కావున కల్తీని గణితముతో విడదీయవలసి వచ్చినది. అది ఎట్టి సమస్యయో మన ప్రాంతపు దృష్టాంతముతో చూతము. వరంగల్లు చుట్టుపట్ల జాతరలలో ఒగ్గుకథ వినని వారుండరు. కథకుడు పాడును, ప్రక్కన డోలు మ్రోగును. వేదికపై రెండు మైకులున్నవి. ఒకటి కథకునికి దగ్గర, రెండవది డోలుకు దగ్గర. అయినను ప్రతి మైకులోను రెండును వినబడును. మొదటి మైకులో 2 వంతుల గొంతు, 1 వంతు డోలు. రెండవదానిలో 1 వంతు గొంతు, 3 వంతుల డోలు అనుకొందము. ఇవి రెండు ఏకకాల సమీకరణములు. తొమ్మిదవ తరగతి విద్యార్థి సాధించి గొంతును వేరు, డోలును వేరు చేయును. మరి ఆ 2, 1, 1, 3 అను అంకెలు గూడ తెలియనిచో? తెలిసినది రెండు మైకుల నమోదు మాత్రమే. తెలియనివి మూలములును, వాటి పాళ్ళును గూడ. అసాధ్యమని తోచును.

అసాధ్యము కాదు. గ్రాఫు కాగితముపై దీనిని చేసి చూడవచ్చును. గొంతునకు బదులు ఒక పాచిక, డోలుకు బదులు మరియొక పాచిక తీసికొనుడు. వేసిన పందెములు a, b అయినచో, అడ్డముగా 2a + b ను, నిలువుగా a + 3b ని గుర్తింపుడు. ముప్పదియారు విధములైన పందెములకు ముప్పదియారు చుక్కలు వచ్చును. అవి ఒక సమాంతర చతుర్భుజమును నింపును. దాని ఒక భుజము 2కు 1 చొప్పునను, రెండవ భుజము 1కి 3 చొప్పునను వాలియుండును. అనగా మనకు తెలియవనుకొన్న పాళ్ళు భుజముల వాలులోనే వ్రాసియున్నవి! పాచికలు రెండును ఒకదానితో నొకటి సంబంధము లేకుండ పడుటవలననే ఇది సాధ్యమైనది.

ఇప్పుడు పాచికకు బదులు పది నాణెములను ఎగురవేసి బొమ్మలను లెక్కింపుడు. అట్టి లెక్కలు గంట ఆకారపు రేఖను అనుసరించును. దీనినే సామాన్య విభాజనమందురు. ఇట్టి రెండు లెక్కలను పైవిధముగనే కలిపి అనేక చుక్కలు గుర్తించినచో కోడిగ్రుడ్డు వంటి మబ్బు వచ్చును. దానికి భుజములు లేవు. కొలమానములను సరిచేసి దానిని వృత్తముగా దిద్దవచ్చును. కాని వృత్తమును ఎటు త్రిప్పినను వృత్తమే. ఏ దిక్కు గొంతుది, ఏ దిక్కు డోలుది అని చెప్పు గుర్తు అందులో లేదు.

మిశ్రమమును ఎప్పుడు విడదీయగలము, ఎప్పుడు విడదీయలేము అను ఈ ప్రశ్నకు పూర్తి సమాధానము చెప్పినవారిలో ఒకరు తెలుగువారు. కల్యంపూడి రాధాకృష్ణ రావుగారు 1920 సెప్టెంబరు 10వ తేదీన, ఆనాడు బళ్లారి జిల్లాలోనిదగు హడగలి గ్రామమున తెలుగు కుటుంబములో జన్మించిరి. ఎనిమిదవ సంతానమగుటచే దేవకీపుత్రుని పేరు పెట్టిరి. తండ్రి పోలీసు శాఖలో ఉద్యోగి. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్టణములలో చదువు సాగినది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితమున పట్టము పొంది 1941లో కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరిరి. 1945లో ప్రకటించిన వ్యాసముతో క్రామర్–రావు అవధి అను పేరు ప్రపంచమున స్థిరపడెను. రావుగారనగానే అందరును తలచునది ఈ అవధినే. మనకు ఇక్కడ కావలసినది వేరొకటి. దానిని తలచువారు తక్కువ.

స్వతంత్రములైన రాశులను రెండు విధములుగా కలిపినప్పుడు, ఆ రెండు మిశ్రమములు గూడ ఒకదానికొకటి స్వతంత్రములైనచో, రెండింటను పాలుపంచుకొన్న రాశులన్నియు సామాన్య విభాజనము కలవే కావలెనని ఫ్రాన్సులో డార్మ్వా, సోవియట్ దేశమున స్కిటోవిచ్ 1953 ప్రాంతమున వేర్వేరుగా నిరూపించిరి. రావుగారు 1966లోను, 1969లోను వ్రాసిన వ్యాసములలో ఈ దారినే ఇంకను ముందుకు నడచి, ఎన్ని మూలములైనను, ఎన్ని మిశ్రమములైనను వర్తించునట్లు ప్రశ్నను విస్తరించిరి. ఒకే మిశ్రమమును రెండు వేర్వేరు విధముల మూలములుగా విడదీయగలిగితిమనుకొనుడు. మొదటి విధములోని ఏ మూలపు పాళ్ళు రెండవ విధములో దేని పాళ్ళతోను సరిపోలవో, ఆ మూలము తప్పక సామాన్య విభాజనము కలదే. తిరుగవేసి చెప్పినచో, గంట ఆకారము లేని మూలము దాగియుండలేదు. దాని పాళ్ళు ఒక్కటే. లెనిన్‌గ్రాడు గణితవేత్తలైన లిన్నిక్, కాగన్ అనువారితో కలిసి రావుగారు వ్రాసిన గ్రంథమున ఇది పూర్తిరూపమున గలదు. దాని రష్యను ప్రతి 1972లోను, ఆంగ్లప్రతి 1973లోను వెలువడెను. లిన్నిక్ 1972లోనే మరణించెను. అందులో మెదడు మాట లేదు. బార్కరు తీగచుట్టకు ఇంకను పన్నెండేండ్లు గడువున్నది.

ఆ గ్రంథము గ్రంథాలయములలో నిద్రించుచుండగా, 1980 తరువాత గ్రెనోబులులో ఎరో, జ్యుటెన్ అనువారు నాడీకణముల నడకను అనుకరించుచు మిశ్రమములను విడదీయు యంత్రమును ఊహించిరి. 1994లో కొమొన్ అనునాయన డార్మ్వా సిద్ధాంతమును ఆధారముగా గొని ఈ పద్ధతికి శాస్త్రీయమైన పునాది వేసెను. స్వతంత్ర ఘటకముల విశ్లేషణము అను పేరు నిలిచినది. 1995లో అమెరికాలో బెల్, సెజ్నోవ్‌స్కీలు దానిని త్వరగా లెక్కించు మార్గము చూపగా, మరునాటి యేడే మెకీగ్ మున్నగువారు మెదడు లేఖనములకు వర్తింపజేసిరి. కనురెప్పపాటు ఒక ఘటకముగా విడివడి వచ్చుట చూచి వైద్యశాలలవారు ఆశ్చర్యపడిరి. పిమ్మట 2004లో ఎరిక్సన్, కొయివునెన్ అనువారు ఈ విశ్లేషణము ఎప్పుడు చెల్లును, ఎప్పుడు చెల్లదు అను విషయమును సమగ్రముగా తేల్చిరి. వారు ప్రధానముగా ఆధారపడినది కాగన్–లిన్నిక్–రావు సిద్ధాంతముపైననే. ఆ ఇద్దరును హెల్సింకి వారే! తీగచుట్టయు, సిద్ధాంతమును ఒకే ఊరిలో కలిసికొన్నవి.

2010 తరువాత అయస్కాంతోత్తేజనపు లేఖనములను ఈ పద్ధతితో శుభ్రపరచుట వాడుకలోనికి వచ్చినది. ఆస్ట్రేలియాలో రోగాష్ బృందము 2014లో దీనిని క్రమపద్ధతిగా ప్రకటించి, 2017లో అందరును వాడుకొనదగిన కంప్యూటరు ప్రోగ్రాములను ఉచితముగా ఇచ్చెను. అయితే ఇక్కడ రెండు చిక్కులున్నవి. మొదటిది: గణితము ఘటకములను విడదీయును గాని వాటికి పేర్లు పెట్టదు. ఇది కండరము, ఇది కన్ను, ఇది మెదడు అని తేల్చి, పారవేయదగినవి ఏరువాడు మనిషి. లేదా మనిషి వ్రాసిన నియమము.

రెండవ చిక్కు లోతైనది. పాచికలు ఒకదానితో నొకటి సంబంధము లేకుండ పడినవి గనుకనే చతుర్భుజము వచ్చినదని పైన చెప్పితిని. మరల ఒగ్గుకథకు వత్తము. కథకుడు పలికిన ప్రతి పలుకునకు సరిగ్గా అదే తరుణమున డోలుపై దెబ్బ పడుచున్నచో, రెండును స్వతంత్రములు కావు, విడదీత తప్పిపోవును. అయస్కాంతోత్తేజనమున జరుగునది అదే. తీగలోని విద్యుత్తు, లేపనములోని ఆవేశము, కండరపు అదరు, చెవి విన్న టిక్కు, మెదడు బదులు – అన్నిటికిని ఆ ఒక్క దెబ్బయే ముహూర్తము. సిద్ధాంతము కోరిన నిబంధనను ప్రయోగమే చెరచుచున్నది. కండరమను పేరుతో విడివడిన ఘటకములో మెదడు పలుకు కొంత చిక్కుకొని, దానితోబాటే చెత్తబుట్టలో పడును. శుభ్రముగా కనబడు లేఖనము నిజముగా శుభ్రమైనదని చెప్పజాలము. సిద్ధాంతమును తప్పుపట్టవలసిన పని లేదు. తాను ఎక్కడ చెల్లనో అది ముందే చెప్పినది. చదువక వాడినవారిదే తొందరపాటు.

హెల్సింకిలో ముటానెన్ మున్నగువారు వేరు దారి త్రొక్కిరి. కండరపు విద్యుత్తు మెదడు అలకంటె చాల త్వరితముగా కంపించును. కాబట్టి లేఖనములోని త్వరిత కంపనములను మాత్రము చూచి, కండరము తలపై ఏ ఆకృతిలో పరచుకొన్నదో కనిపెట్టి, ఆ ఆకృతిని మొత్తము లేఖనమునుండి తీసివేయవచ్చును. తీసివేయగా మిగిలినది వంకరపోవును; మాసిన గుడ్డలో మరకపడిన మేర కత్తిరించినట్లగును. దానిని సరిదిద్దుటకు తలలో విద్యుత్తు ఎట్లు ప్రసరించునో తెలుపు నమూనాను తీసికొని, మిగిలిన లేఖనమునుండి మెదడులోని మూలములను వెనుకకు లెక్కించి, తిరిగి తలపైకి తెచ్చిరి. ఈ పద్ధతి 2016లో వచ్చెను. 2018లో, ప్రతి ఎలక్ట్రోడు ఏమి చెప్పవలెనో మిగిలిన ఎలక్ట్రోడుల మాటనుబట్టి అంచనా వేసి, పొసగని దానిని తక్కువగా నమ్ము మరియొక పద్ధతి వచ్చెను. ఎలక్ట్రోడులు పదులు, మెదడులో మూలములు వేలు. అట్టి సమీకరణములకు మామూలు విలోమ మాత్రిక ఉండదు. ఉండని విలోమమునకు బదులు వాడదగిన సాధారణీకృత విలోమమును ఇంగ్లండులో పెన్‌రోజ్ 1955లో నిర్వచించగా, అదే సంవత్సరమున రావుగారును తమ లెక్కల అవసరమునకు అట్టి దానిని వాడిరి; 1971లో సుజిత్ కుమార్ మిత్రాగారితో కలిసి దానిపై ఒక గ్రంథమునే వ్రాసిరి. రావుగారు 2023 ఆగస్టు 22న, నూట రెండేండ్లు నిండి, మూడవదానిలో నుండగా కన్నుమూసిరి.

వివాదము ముగియలేదు. 2019లో కోపెన్‌హేగనులోని పరిశోధకులు నిజమైన ఉత్తేజనమును, మెదడును తాకకుండ శబ్దమును చర్మస్పర్శను మాత్రము కలిగించు నకిలీ ఉత్తేజనమును ప్రక్కప్రక్కన చేసి చూడగా, రెండు బదులులును చాల దగ్గరగా పోలియుండెను. మెదడు పలుకని ఇన్నాళ్ళు ప్రకటించినదానిలో ఎంత భాగము చెవిది, చర్మముది అని ప్రశ్న లేచినది. దెబ్బ చాలినంత బలముగా తగిలి, శబ్దమును సరిగా కప్పినచో అట్లు జరుగదని మరికొందరు అదే ఏట బదులు వ్రాసిరి. 2021లో ఇటలీ పరిశోధకులు ఒకే లేఖనమును వాడుకలోనున్న నాలుగు శుద్ధి పద్ధతులకు అప్పగించిరి. నాలుగు పద్ధతులును ఒకే రీతి అలను ఇయ్యలేదు.

ఇటీవల మిలాను బృందము మరల పనివాని చేతినే ఆశ్రయించినది. ప్రయోగమంతయు ముగిసినపిదప కడుగుటకు బదులు, మొదటి పది యిరువది దెబ్బల సరాసరిని అప్పటికప్పుడు తెరపై చూపు ప్రోగ్రామును వారు 2022లో ప్రకటించిరి. తెరపై కండరపు అదరు కనబడినచో ప్రయోగకర్త చుట్టను కొన్ని డిగ్రీలు త్రిప్పి, లేదా కొంచెము ప్రక్కకు జరిపి, మరల కొట్టి చూచును. కణతవైపు కండరము తగులని కోణము దొరకువరకు ఈ వెదకుట సాగును. అది దొరికిన పిమ్మటనే అసలు నమోదు మొదలగును.